పామును చూచి పారిపోయిన మోషే

వాక్యభాగము: నిర్గమకాండము 3:1–4, 4:1–5



తొలకరి పడిందంటే మన అడవి అంచు పల్లెల్లో రెండు భయాలు గడప దాటి లోపలికి వస్తాయి. ఒకటి జ్వరం, రెండవది పాము. ఈ రెండవదాని పేరు చీకటి పడ్డాక మన పెద్దలు నోట రానివ్వరు. ‘పురుగు’ అంటారు. కాటు వేస్తే ‘పురుగు ముట్టింది’ అంటారు. పేరు పలికితే ఎక్కడ వస్తుందోనని భయం. ఇప్పపూలు ఏరడానికి తెల్లవారకముందే అడవికి వెళ్లే తల్లులు, తునికాకు కోసే కుటుంబాలు, రాత్రిపూట మడికి నీళ్లు కట్టే రైతులు మా చదువరుల్లో ఎందరో ఉన్నారు. అందుచేత ఈ నెల ఆ పేరు పలికే మాట్లాడుకుందామని అనుకున్నాము.

మోషే మిద్యానులో మామ మందను మేపుతున్నాడు. పొద మండుతున్నది గాని కాలిపోవడం లేదు. ఎడారిలో ఎండుపొద అంటుకోవడం వింత కాదు, కాలిపోకపోవడమే వింత. మంట కనబడితే మందను అవతలికి తోలుకొని పోయే కాపరులే ఎక్కువ. మోషే మాత్రం ఇదేమిటో చూడాలని దారి వదలి అటు మళ్లాడు. తరువాతి వచనం నిదానంగా చదవండి. అతడు చూడడానికి మళ్లడం దేవుడు గమనించాడు, గమనించిన తరువాతనే పేరు పెట్టి పిలిచాడు.

అదే మనిషి, అదే చోట, చేతికర్ర పాము కాగానే పరుగెత్తాడు. నలభై ఏండ్లు ఎడారిలో తిరిగినవాడికి పాము కొత్త కాదు. అది ఏమి చేయగలదో తెలుసు గనుకనే పరుగెత్తాడు. దేవుడు ‘పిరికివాడా’ అని అతన్ని గద్దించినట్లు ఎక్కడా లేదు. పామును చూచి వెనక్కు గెంతడం పాపము కాదు. అది మన దేహంలో సృష్టికర్త ఉంచిన కాపలా. అయితే ఆ పరుగులోనే అతన్ని వదిలివేయలేదు, వెనక్కు తిప్పి మళ్లీ చూడమన్నాడు. (యువకులకు ఒక మాట. ఈ వాక్యం చదివి ఎవరూ పాము తోక పట్టవద్దు. ఆ ఆజ్ఞ మోషేకు ఇచ్చినది, మీకు కాదు.)

“తెలుసుకోవాలన్న ఆశే కదండీ హవ్వమ్మను పడగొట్టింది?” అని ఒక సంఘములో పెద్దగారు మమ్ములను అడిగారు. మంచి ప్రశ్న, తోసివేయదగినది కాదు. జ్ఞానము కావాలన్న కోరిక ఆమెకు ఉన్నదని వాక్యమే చెబుతున్నది. కాని ఆమె తాను విన్న మాట నిజమో కాదో విచారించలేదు. అడగడానికి మనిషి లేక కాదు. చల్లపూట ఆ తోటలోనే సంచరించే దేవుడు ఉన్నాడు. ఆయనను అడగకుండా అడ్డదారిన దక్కించుకోబోయింది. అడిగి తెలిసికొనుట వేరు, దొంగిలించుట వేరు. ఆ పతనము తరువాత మనిషి నోట వచ్చిన మొదటి మాటలో ఉన్నది భయమే. ఆదాము భయపడి చెట్ల చాటున దాగుకొన్నాడు. అంతకుముందు రెండవ అధ్యాయంలో ఏమి జరిగింది? దేవుడు భూజంతువులను ఆదాము దగ్గరకు తెచ్చి, వాటికి ఏ పేరు పెడతాడో చూచాడు. పాము కూడా ఆయన చేసిన భూజంతువుల్లోనిదే. అంటే దానికి భయపడడానికి ముందే మనిషి దానికి పేరు పెట్టాడు.

ఇక మన తెలుగు నేల సంగతి. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉన్నాడు. అంతకుముందు సిరియాలోని అలెప్పో పట్టణంలో పనిచేసి, అక్కడ 1760 నుండి 1762 వరకు చెలరేగిన ప్లేగును చూచి దాని మీద పెద్ద గ్రంథమే రాశాడు. 1785లో ఈస్టిండియా కంపెనీ అతన్ని ప్రకృతి శాస్త్రజ్ఞునిగా నియమించింది. కోస్తా పల్లెల్లో అతడు కనిపెట్టింది ఏమంటే, జనం అన్ని పాములకూ ఒకే తీరున భయపడుతున్నారు. ఏది విషం గలది, ఏది కాదు అని విడదీసే తెలివి వస్తే సగం భయం తగ్గుతుంది, మిగిలిన సగం పనికివస్తుంది.

అందుకని తన దగ్గరకు తెచ్చిన ప్రతి పామునూ పరీక్షించాడు. నోరు తెరచి కోరలు చూచాడు, పొట్ట కింద పొలుసులు లెక్కపెట్టాడు, బొమ్మలు గీయించాడు. ఆ రోజుల్లో దక్షిణాదిన ‘తంజావూరు మాత్ర’ అనే మందుకు గొప్ప పేరు. అందులో పాషాణం కలుస్తుంది. దానినీ జంతువుల మీద పరీక్షించి, పాముకాటుకు అది విరుగుడు అనుకోరాదని తేల్చాడు. పేరుమోసిన మందు కదా అని ఊరుకోలేదు.

మాకు మిక్కిలి సంతోషం కలిగించిన సంగతి ఇంకొకటి. 1796లో లండనులో అచ్చయిన అతని పుస్తకంలో పాములకు మన పల్లెవారు చెప్పిన పేర్లే ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో. రక్తపింజరకు ‘కాటుక రేకుల పొడ’. కొండచిలువకు ‘పెద్ద పొడ’. జెర్రిపోతుకు జెర్రిపోతే. పసుపు, నలుపు పట్టీలున్న పాముకు ‘బంగారు పాము’. రక్తపింజరకు తరువాత శాస్త్రజ్ఞులు రసెల్ పేరే పెట్టారు. బంగారు పాము పేరు పట్టుకొని 1803లో డోడిన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక జాతికి ‘బంగారస్’ అని పేరు పెట్టాడు. ఈనాటికీ ప్రపంచమంతటా కట్లపాముల జాతిని ఆ పేరుతోనే పిలుస్తారు. ఆ పాములను పట్టి తెచ్చి, పేరు చెప్పిన మన కూలివాని పేరు మాత్రం ఎక్కడా లేదు. చదువు లేని అతడు, పారిపోకుండా చూచినవాడు, పుస్తకంలోకి తన మాటను పంపించాడు.

అటువంటివారు మన మధ్య ఇప్పటికీ ఉన్నారు. కొన్నేండ్ల క్రితం దుమ్ముగూడెం వైపు ఒక పల్లెలో మేము సాయంకాల ప్రార్థనలో ఉండగా గడ్డివాము పక్క నుండి ఆరడుగుల పాము బయటకు వచ్చింది. ‘తాచు, తాచు’ అని కేకలు. పిల్లలను ఎత్తుకొని తల్లులు అరుగెక్కారు, కుర్రవాళ్లు కర్రలు అందుకున్నారు. ఒక కోయ పెద్దాయన కూర్చున్నచోటు నుండి లేవకుండానే అన్నాడు: “ఆగండ్రా. అయ్యగారూ, కొట్టనీయకండి. అది జెర్రిపోతు. ఎలకల కోసం వచ్చింది.”

“నీకెట్టా తెలిసింది తాతా?” అన్నాడొక కుర్రవాడు, కర్ర దించకుండానే.

“కళ్లు చూడు, ఎంత పెద్దయో. తోక కాడ నల్ల గళ్లు చూడు. తాచైతే ఈపాటికి పడగెత్తేది.”

ఆ కుర్రవాడు చూచాడు. పాము మెల్లగా కంచె దాటి పోయింది. తరువాత పాటలు పాడాము గాని, పిల్లల కళ్లు కంచె మీదనే ఉన్నాయి, ఇంకోసారి వస్తుందేమో చూడాలని. పది నిమిషాల ముందు ఏడ్చిన పిల్లలే వారు.

జెర్రిపోతు ఆవు పొదుగు పట్టి పాలు తాగుతుందని మన ఊళ్లలో చెప్పుకుంటారు. పాము నోటికి చీకే వీలు లేదు, పాలు దాని ఆహారం కాదు. అది తినేది మన గాదెలోని ఎలుకలను. పాము పగబట్టి ఇంటికి వస్తుందన్నది కూడా నమ్మవలసిన మాట కాదు. అయితే ఈ సంగతులు చెప్పేటప్పుడు పొరుగువారి నాగులచవితిని ఎగతాళి చేయకండి. వారి మనసు నొప్పించి మనము నేర్పగలిగింది ఏమీ లేదు.

ఇప్పుడు నిజంగా భయపడవలసినవాటి మాట. మన దేశంలో ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర. 2000 నుండి 2019 వరకు దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించారని 2020లో అచ్చయిన ఒక పరిశోధన అంచనా వేసింది. అంటే ఏటా సగటున 58,000 మంది. వారిలో ఎక్కువమంది పల్లెవారు. సగం మరణాలు వానకాలపు నాలుగు నెలల్లోనే. ఎక్కువ నష్టపోయిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కూడా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల పట్టికలో చేర్చింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలని 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఒక ప్రణాళిక ప్రకటించింది.

నాలుగింటిలో కట్లపాము గూర్చి కొంచెం ఎక్కువ చెప్పాలి. పగలు అది మందకొడిగా ముడుచుకొని ఉంటుంది. రాత్రి ఎలుకలను, చిన్న పాములను వెదుకుతూ ఇంట్లోకి వస్తుంది. నేలమీద పడుకొన్నవారు నిద్రలో దొర్లినప్పుడు కాటు వేస్తుంది. ఆ కాటుకు నొప్పి ఉండదు, వాపు ఉండదు, ఒక్కోసారి గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున బిడ్డ కడుపునొప్పి అని లేస్తాడు, వాంతి చేసుకుంటాడు, కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది. రాత్రి తిన్నది పడలేదంటారు, గాలి సోకిందంటారు. విబూది పెట్టేలోగా ఊపిరి అందకుండా పోతుంది. అమ్మలారా, వానకాలంలో నేలమీద పడుకొన్న బిడ్డ తెల్లవారి కడుపునొప్పితో లేచి రెప్పలు ఎత్తలేకపోతే, గాటు కనబడినా కనబడకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకొని వెళ్లండి.

రక్తపింజర దారి వేరు. ఎండుటాకుల్లో, గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. దగ్గరకు వెళ్తే కుక్కరు ఈల వేసినట్లు బుసకొడుతుంది. దాని విషం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే ఆస్పత్రిలో కొంచెం రక్తం తీసి శుభ్రమైన గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచుతారు. ఆ తరువాత వంచి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే విరుగుడు మందు ఎక్కిస్తారు. ‘సూది వేయకుండా ఊరికే కూర్చోబెట్టారు’ అని డాక్టరుగారి మీద కోపపడే బంధువులు ఈ సంగతి తెలిసికొంటే మంచిది.

ఆ విరుగుడు మందు ఎట్లా వచ్చిందో కూడా వినండి. ఆల్బర్ట్ కాల్మెట్ అనే ఫ్రెంచి వైద్యుడు వియత్నాంలోని సైగాను పట్టణంలో పనిచేసేవాడు. 1891లో ఆ ప్రాంతంలో వరద వచ్చి నాగుపాములు ఊళ్లోకి చేరి పలువురిని కాటు వేశాయి. గోదావరి ఒడ్డువారికి వేరే వివరించనక్కరలేదు. అతడు ఆ విషాన్నే పరిశోధించాడు. కొద్దికొద్దిగా విషం ఎక్కిస్తూ పోతే జంతువు శరీరం దానిని ఎదిరించే గుణాన్ని తన రక్తంలో తయారు చేసుకుంటుందని చూచి, 1895 నాటికి ఆ రక్తరసముతో మందు చేశాడు. ఇప్పుడు మన దేశంలో గుర్రాలకు పై నాలుగు పాముల విషమూ కొంచెం కొంచెం ఎక్కించి మందు తయారు చేస్తున్నారు. నాలుగింటికీ ఒకటే మందు. కనుక పామును వెంటాడి చంపి సంచిలో వేసుకొని ఆస్పత్రికి తీసుకొని వెళ్లవలసిన పని లేదు. ఆ వెంటాడడంలో రెండవ మనిషి కూడా కాటు తిన్న సందర్భాలు ఉన్నాయి. పిల్లలకు పెద్దలకంటే తక్కువ మందు చాలదు. పాము పిల్లవాడని విషం తగ్గించి వదలదు గదా.

కాటు పడితే చేయవలసింది కొంచెమే. మనిషికి ధైర్యం చెప్పాలి. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసివేయాలి. కాటుపడ్డ కాలో చెయ్యో ఎముక విరిగినప్పుడు కట్టినట్లు కర్ర పెట్టి కదలకుండా వదులుగా కట్టాలి. నడిపించకూడదు. 108 బండి అందకపోతే మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవచ్చు. తాడుతో బిగించి కట్టడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఇవేవీ వద్దు.

మరి మంత్రం వేయించుకొని బతికినవారు లేరా? ఉన్నారు. ఎందుకు ఉన్నారో విచారించండి. మన చుట్టూ ఉన్న పాముల్లో ఎక్కువభాగం విషం లేనివి. విషం గలది కూడా ఒక్కోసారి కాటు వేసి విషం వదలదు. అటువంటివారు మంత్రం వేసినా బతుకుతారు, వేయకపోయినా బతుకుతారు. పేరు మాత్రం మంత్రానికి వస్తుంది.

ఇక్కడ మన సంఘములకు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది, కొందరికి చేదుగా ఉండవచ్చు. మంత్రగాని ఇంటికి పోవడం మానివేసిన విశ్వాసుల కుటుంబాల్లో కొన్నిచోట్ల మంత్రం స్థానంలో ప్రార్థనను పెట్టారు. బిడ్డను పడుకోబెట్టి, నూనె రాసి, తెల్లవారేవరకు చుట్టూ కూర్చుంటున్నారు. మార్కు సువార్త చివరి అధ్యాయంలో పాముల మాట చూపిస్తారు. ప్రియులారా, దేవాలయ శిఖరము మీద నుండి దూకుమని సాతాను కూడా వాక్యమే చూపించాడు. ప్రభువు దూకలేదు, దేవుని శోధింపకూడదని జవాబిచ్చాడు. ప్రార్థన చేయండి, గట్టిగా చేయండి, ఆస్పత్రి దారిలో చేయండి. సంఘకాపరిని పిలిస్తే బండి కూడా తెమ్మని చెప్పండి.

మెలితే ద్వీపములో పౌలు సంగతి (అపొస్తలుల కార్యములు 28) తరచు ఈ విషయంలో ఎత్తుతారు. అక్కడ పాము ఎక్కడి నుండి వచ్చింది? పౌలు ఏరి తెచ్చిన పుల్లల మోపులో నుండి. కట్టెలకు పోయే మన ఆడపడుచులకు ఆ వచనం అర్థం చెప్పనక్కరలేదు. ద్వీపవాసులు మొదట అతన్ని హంతకుడు అన్నారు, చావకపోయేసరికి దేవుడు అన్నారు. భయములో నుండి వచ్చిన తీర్పులు ఎప్పుడూ ఆ రెండే. పాము కుట్టినవాడు పాపి, బతికినవాడు మహిమగలవాడు. మన ఊళ్లలో కూడా కాటుపడ్డ ఇంటివారిని ‘ఏ పాపం చేశారో’ అనేవారు సంఘములోనే ఉండడం మాకు బాధ కలిగిస్తున్నది. ఆ సంగతి రాసిన లూకా వైద్యుడు. అతడు పాపి అనీ రాయలేదు, దేవుడు అనీ రాయలేదు. చూచింది చూచినట్లు రాశాడు.

అరణ్యములో ఇశ్రాయేలీయులను పాములు కరచినప్పుడు కన్నులు మూసుకొమ్మని దేవుడు చెప్పలేదు. మోషే చేసిన ఇత్తడి సర్పము వైపు చూడమన్నాడు (సంఖ్యాకాండము 21). ప్రభువు దానిని తన సిలువకు గుర్తుగా చెప్పాడు. కాని కొన్ని వందల ఏండ్లకు జనం ఆ ఇత్తడికే ధూపం వేయసాగారు, హిజ్కియా రాజు దానిని ముక్కలు చేయవలసి వచ్చింది. చూడడం మానితే మిగిలేది అదే.

మొదట చెప్పిన రెండవ భయం, జ్వరం. మన్యపు జ్వరమంటే ఒకప్పుడు ఈ అడవి వైపు ఉద్యోగానికి రావడానికే జంకేవారు. నీళ్లు మంచివి కావని కొందరు, గాలి సోకిందని కొందరు. ‘మలేరియా’ అన్న ఇటాలియను మాటకు అర్థం కూడా చెడ్డ గాలి అనే. సికింద్రాబాదు సైనిక వైద్యుడు రోనాల్డ్ రాస్ ఆ మాటతో తృప్తిపడలేదు. హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టిన దోమకు ఒక్కంటికి ఒక అణా చొప్పున అతనికే ఇచ్చి, ఆ దోమలను కోసి సూక్ష్మదర్శినిలో చూచాడు. పంఖా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఉక్కలోనే కూర్చున్నాడు. చెమటకు సూక్ష్మదర్శిని మరలు తుప్పుపట్టాయి. 1897 ఆగస్టు 20న బేగంపేటలో ఒక దోమ కడుపు గోడలో జ్వరపు క్రిమి కనబడింది. 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ భవనం ఇప్పటికీ ఉన్నది.

దోమను చూచినవాని వల్ల దోమతెర వచ్చి మన మంచాలకు చేరింది. అదే తెరను నాలుగు వైపులా పరుపు కిందికి, చాప కిందికి దోపితే కట్లపాము కూడా లోపలికి రాలేదు. తెర సర్కారు ఇచ్చినదైతే చేపలు పట్టడానికి వాడకండి, కోళ్లకు కప్పకండి. రాత్రి బయటకు వెళ్లేటప్పుడు టార్చిలైటు పట్టుకోండి, కట్టెలమోపు ఎత్తేముందు కర్రతో తట్టండి, ధాన్యం బస్తాలు పడక దగ్గర పెట్టకండి.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చినప్పుడు, మళ్లీ 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినప్పుడు ఒడ్డువారంతా ఇళ్లు వదలి మెరక ఎక్కారు. వరదలో పాములూ మెరకకే చేరతాయి. నీళ్లు తీసిన తరువాత ఇంట్లో అడుగుపెట్టేముందు మూలలు, చూరు, పొయ్యి చూచుకొని మరీ సామాను కదపండి.

సండేస్కూలు టీచరుగారికి ఒక పని. ఈ నెల పిల్లలచేత వారి తాతయ్యలను, నాయనమ్మలను అడిగించి, మీ ఊళ్లో పాములకు ఉన్న పేర్లన్నీ తెలుగులోను, కోయ మాటల్లోను రాయించండి. ఏది విషం గలదని వారంటున్నారో, ఏ గుర్తు పట్టి చెబుతున్నారో అదీ రాయించండి. పంపితే వచ్చే సంచికలో పేర్లతో సహా వేస్తాము. చెప్పిన తాతల పేర్లు కూడా వేస్తాము.